పొద్దుటి కుదుపు

క్యాసంబళ్ళిలో చౌడప్ప ఇంట్లో పొద్దు పొడవకముందే పట్టుపురుగులకు ఆకు పడాలి. నాలుగో జ్వరం నుంచి, అంటే నాలుగోసారి పొర విడిచే నిద్ర నుంచి, లేచిన పురుగులు రాత్రనక పగలనక తింటూనే ఉంటాయి. వాటి నమలడం వాన చినుకుల చప్పుడులా ఇల్లంతా వినిపిస్తుంది. ఆ రోజూ మునివెంకటమ్మ మల్బరీ ఆకు బుట్ట చంకనెత్తుకుని తట్టల మధ్య తిరుగుతోంది. కొడుకు నంజుండప్ప బెంగుళూరు రైలు అందుకోవడానికి చీకట్లోనే బైకు మీద బంగారుపేటకు వెళ్ళిపోయాడు. కోడలు నాగవేణి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, కారు తాళం చేతిలో పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"పొయ్యొస్తానత్తా" అంది.

మునివెంకటమ్మ తల ఎత్తకుండా తట్టల్లో ఆకు పరుస్తూనే ఉంది. ముందురోజు సాయంత్రం జరిగిన మాటలు ఇంకా ఆమె చెవుల్లో ఉన్నాయి. పురుగులు గూళ్ళు కట్టేదాకా ఉద్యోగం మానుకుని ఇంట్లో సాయంగా ఉండమని చౌడప్ప అడిగాడు. "పురుగులకు మేత వేసేదానికి నేను చదువుకోలేదు మామా" అని నాగవేణి ఠక్కున అనేసింది. అన్న మరుక్షణమే ఆ పిల్ల నాలుక కరుచుకుంది. కానీ మాట బయటపడిపోయింది. చౌడప్ప తువ్వాలు భుజాన వేసుకుని తోటవైపు వెళ్ళిపోయాడు.

నాగవేణి రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పుట్టింది కోరమండల్ బంగారు గని కార్మికుల లైన్ ఇళ్ళలో. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమకాలు సన్నబడిపోయింది. నడిస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. మామూలు బండిలో క్లచ్ తొక్కాల్సింది ఆ ఎడమకాలితోనే కనుక, నంజుండప్ప వెతికి వెతికి ఒక పాత ఆటోమేటిక్ కారు తెచ్చాడు. అందులో క్లచ్ ఉండదు. బ్రేకు, ఎక్సలేటరు, రెండే. రెండూ కుడికాలి పనే. పక్కన ఒక కడ్డీ, దాని కింద వరుసగా అక్షరాలు. 'పి' అంటే బండి కట్టేసినట్టు, 'ఆర్' అంటే వెనక్కి, 'ఎన్' అంటే ఎటూ కాకుండా, 'డి' అంటే ముందుకు. పెళ్ళయిన కొత్తలో నంజుండప్ప నేర్పిన ఈ నాలుగు అక్షరాలతో నాగవేణి బతుకే మారిపోయింది. బస్సు మెట్లు ఎక్కలేక వదులుకున్న ఉద్యోగాన్ని మళ్ళీ తెచ్చుకుంది.

చౌడప్ప అలవాటు చొప్పున గేటు తెరవడానికి కారు ముందుగా నడిచాడు. కోడలి మీద కోపమున్నా ఆ పని మానలేదు. నాగవేణి ఇంజను వేసి, బ్రేకు తొక్కి, కడ్డీని 'డి'లోకి లాగింది. బ్రేకు మీది కాలు తీస్తే బండి తనంతట తాను మెల్లగా పాకాలి. పాకలేదు. కొన్నాళ్ళుగా పొద్దున పూట అది అలాగే కాస్త ఆలోచించి కదులుతోంది. ఆమె ఎక్సలేటరు కొంచెం అదిమింది. ఇంజను అరిచింది గానీ చక్రం కదల్లేదు. చౌడప్ప గేటు రెక్క పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.

అప్పుడు కింద ఎక్కడో ధనామని చప్పుడయింది. కారు ఎగిరి ముందుకు దూకింది.

నాగవేణి అరుపూ బ్రేకు కీచుమనడమూ ఒకేసారి వినిపించాయి. మునివెంకటమ్మ ఆకు బుట్ట పారేసి పరుగెత్తుకొచ్చేసరికి చౌడప్ప గేటుకు పాతిన రాతి కూసం పక్కన పడి ఉన్నాడు. కుడి మణికట్టు వంకర తిరిగిపోయింది.

"అయ్యో దేవుడా! ఏం చేసినావే!"

"నేను కొంచెమే తొక్కినా అత్తా... అది పోనే లేదు... ఉండుండి అట్ల ఎగిరేసింది..." అంది నాగవేణి కారు దిగుతూ.

"తొక్కినావు కదా! నువ్వే చెప్తా ఉండావు కదా తొక్కినానని!"

ఆ ఒక్క మాట మునివెంకటమ్మ మనసులో ముల్లులా దిగబడింది. తొక్కింది. నిన్న సాయంత్రం అంత మాటన్నది, ఈ పొద్దు ఆయన ఎదురుగా నిలబడి ఉంటే తొక్కింది.

* * *

చౌడప్ప చేతికి కట్టు కట్టారు. ఆదివారం పొద్దున నంజుండప్ప కారు కడిగి, ఇంజను వేసి చాలాసేపు ఆడనిచ్చి, మధ్యాహ్నం తోలుకుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, కోరమండల్‌లో ఉన్న మెకానిక్ కదిరప్ప షెడ్డుకు వెళ్ళాడు. కదిరప్ప కారును బెమెల్ నగర్ దాకా తోలుకుపోయి తిరిగొచ్చాడు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు కడ్డీ మార్చి చూశాడు. బండి వెన్నలా కదిలింది.

"బండిలో ఏమీ లేదప్పా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "గేర్లు బాగా పడతా ఉండాయి. ఈ ఆటోమేటిక్ బండ్లల్లో ఒగటుండాది. భయపడినప్పుడు బ్రేకు అనుకొని ఎక్సలేటర్ తొక్కేస్తారు. శానామందికి అవుతాది."

నంజుండప్ప తల తిప్పి నాగవేణి ఎడమకాలి వైపు చూశాడు. రెప్పపాటు మాత్రమే. వెంటనే చూపు మరల్చుకున్నాడు. కానీ నాగవేణి ఆ చూపును పట్టుకుంది. దారి పొడవునా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

"నాతో ఎన్ని తూర్లు చెప్పించుకుంటారు?" అంది ఇల్లు దగ్గరపడుతుండగా. "పొద్దున్నే అది పట్టుకోదు. ఇంజన్ అరస్తాది, బండి కదలదు. మల్ల ఒక్కసారిగా పట్టుకుంటాది. దాన్ని గేరు స్లిప్పు అంటారంట. ఫోన్లో చూసినా."

"ఫోన్లో చూస్తే అన్నీ ఉంటాయి నాగూ. ఆదివారం ఆదివారం నేను తోల్తా ఉండా కదా, నాకెప్పుడూ అట్ల కాలేదే?"

"మీరు ఏ పొద్దున తోలినారు? మీరు లేచి తీసేలోపల నేను ఒక తూరి సంతకు పొయ్యొచ్చుంటాను."

"ఇంగ ఆ మాట వదిలేయ్. కొన్నాళ్ళు బస్సులో పో."

తాళం మునివెంకటమ్మ చేతికి చేరింది. ఆమె దాన్ని చీర కొంగున ముడి వేసుకుంది. పడుకునేటప్పుడు కూడా విప్పలేదు.

నాగవేణి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. మెట్టెక్కేటప్పుడు వెనకనుంచి ఎవరో ఒకరు "బిన్నగా ఎక్కమ్మా" అని తొందరపెడుతూనే ఉంటారు. సీటు దొరకని రోజు కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద బరువు మోపి నిలబడుతుంది. సాయంత్రానికి మోకాలు వాచిపోతుంది. అన్నిటికన్నా బాధపెట్టింది మాత్రం ఆమెకే తన మీద పుట్టిన అనుమానం. మంచం అంచున కూర్చుని కుడికాలిని నేల మీద పెట్టి ఒత్తి చూసుకునేది. ఇది బ్రేకు. ఇది ఎక్సలేటరు. ఆ పొద్దు ఏది తొక్కాను? కొంచెమే తొక్కానా, ఎక్కువ తొక్కానా? తెలియకుండా ఎడమకాలు అడ్డం వచ్చిందా? ఎంత గుర్తు తెచ్చుకున్నా మామ వెనక్కి తిరిగి చూసిన ముఖం దగ్గరే ఆగిపోయేది.

మునివెంకటమ్మ అనుమానం వేరు. ఆమె దాన్ని ఎవరితోనూ చెప్పకూడదనే అనుకుంది. కానీ పాల డైరీ దగ్గర వరసలో నిలబడ్డప్పుడు పక్కింటి చిక్కమ్మ కదిలించింది.

"కాలు అట్లుండేదానికి కారెందుకు ఇచ్చినారక్కా?"

"కాలు కాదు చిక్కమ్మా" అంది మునివెంకటమ్మ గొంతు తగ్గించి. "ముందుదినం సాయంత్రం మామాకోడళ్ళు మాటామాటా అనుకున్నారు. తెల్లారేసరికి ఇట్లయింది. నా నోటితో ఇంగేమీ చెప్పలేను."

చెప్పలేను అన్నదే చాలింది. వారం తిరిగేసరికి నాగవేణి వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళ మాటలు ఆగిపోవడం మొదలైంది. మొదట ఆమె అది తన కాలిని చూసి అనుకుంది. ఒకరోజు చిక్కమ్మ కోడలు ఆమె దారిలో ఉన్న తన బిడ్డను గబుక్కున పక్కకు లాక్కుంది. నాగవేణి నడుస్తోంది. కారులో లేదు. అయినా లాక్కుంది.

చౌడప్ప మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చునేవాడు. కోడలు మజ్జిగ తెచ్చిస్తే తాగేవాడు. ఆమె ముఖంలోకి చూసేవాడు కాదు. ఆ మౌనం చూసి, ఆయన కూడా తనను అనుమానిస్తున్నాడనే నాగవేణి నిశ్చయించుకుంది.

* * *

కట్టు విప్పించాల్సిన రోజు వచ్చింది. ఆ రోజు బస్సులు తిరగలేదు. డ్రైవర్లకూ పైవాళ్ళకూ ఏదో తగాదా. నంజుండప్ప అప్పటికే రైలెక్కేశాడు.

"కారు ఉండాది కదా. నేను తోల్తాను. మామను తీసుకొని పోదాం" అంది నాగవేణి.

మునివెంకటమ్మ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది. "వద్దు. రేపు పోవచ్చు."

"డాక్టరు ఈ పొద్దే రమ్మన్నాడత్తా."

"నీ కారులో ఆయన్ని ఎక్కించేదానికి నాకు ధైర్యం లేదు."

"నా కాలు చూసి భయమా?"

"కాలు చూసి కాదు."

"మరి దేన్ని చూసి?"

మునివెంకటమ్మ ఆకు కోసే కత్తి కింద పెట్టి లేచి నిలబడింది. "అడగాలని శాన్నాళ్ళుగా నోటి దాకా వస్తా ఉండాది, ఈ పొద్దు అడిగేస్తాను. నా బిడ్డలాంటిదానివి, దేవుడి మీద ఒట్టేసి చెప్పు. ఉద్యోగం మానమన్నాడని ఆయన మీద మనసులో పెట్టుకొని... కావాలని చేసినావా?"

నాగవేణి గోడకు ఆనుకుంది. వీధిలో ఆగిపోయిన మాటలు, పక్కకు లాక్కున్న బిడ్డ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఏడుపు రాలేదు.

"ఇన్నాళ్ళూ ఇదా అత్తా మీ కడుపులో ఉండేది?" అంది మెల్లగా. "ఈ ఇంట్లో నా చేతి అన్నం తింటా, నా గురించి ఇట్ల అనుకుంటా ఉండినారా?"

"లేదని చెప్పు. చెప్పితే నమ్ముతాను."

"చెప్పను. నోటి మాట నమ్మేదుంటే ఆ పొద్దే నమ్మిండేవారు. తాళం ఈండి. వచ్చి నా పక్కన కూసోండి. బయటికి చూడొద్దు, నా కాళ్ళు చూడండి. నా కాళ్ళు ఏం చేస్తాయో మీ కండ్లతోనే చూసి, మల్ల ఎవరికి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి."

మునివెంకటమ్మ పంతం కూడా తక్కువది కాదు. కొంగు ముడి విప్పింది.

నాగవేణి గేటు తెరిచి పెట్టి, రాగి గడ్డి మోపులు తెచ్చి దారికి అడ్డంగా పేర్చింది. చౌడప్పను వసారా మెట్ల మీదినుంచి దిగవద్దంది. చెప్పులు విప్పి కారెక్కింది. సన్నటి ఎడమకాలిని సీటు కిందికి మడిచి పెట్టుకుంది. మునివెంకటమ్మ పక్కన కూర్చుని నడుము వంచి, దొంగను కాపలా కాసేవాళ్ళలా ఆ పాదాల మీదే చూపు నిలిపింది.

ఇంజను మోగింది. నాగవేణి కుడికాలు బ్రేకు మీద ఉంది. "చూడండి, ఇది బ్రేకు. ఇప్పుడు డిలో వేస్తా ఉండా." కడ్డీ కిందికి జరిగింది. "ఇప్పుడు కాలు తీస్తా ఉండా." కాలు తీసి ఎక్సలేటరు మీద పెట్టలేదు. పైకెత్తి సీటు మీదికి మడుచుకుంది. ఇప్పుడు రెండు పాదాలూ దేన్నీ తాకడం లేదు.

కారు కదల్లేదు.

"ఏమే, పోదేమి?" అంది మునివెంకటమ్మ వంగిన నడుముతోనే.

"అదే అత్తా నేను చెప్పేది. ఉండండి."

ఇంజను హోరుమంటోంది. బండి బండరాయిలా నిలబడే ఉంది. మునివెంకటమ్మ విసుగ్గా తల ఎత్తబోయింది. సరిగ్గా అప్పుడే కింద ధనామంది. కారు దూకింది. ఆమె నుదురు సీటు ముందున్న సామాను అర మూతకు తగిలింది. గడ్డి మోపులు చెల్లాచెదురయ్యాయి. నాగవేణి కాలు దించి బ్రేకు తొక్కింది.

గడ్డి దుమ్ము అద్దం మీద వాలుతోంది.

"కాలు పైన ఉండె" అంది మునివెంకటమ్మ చివరికి. నుదురు రుద్దుకోవడం కూడా మరిచిపోయింది. "నేను చూస్తానే ఉండా. నీ కాలు పైన ఉండె."

"పైనే ఉండె అత్తా" అంది నాగవేణి. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

"ఇంగో తూరి చెయ్."

మోపులు మళ్ళీ పేర్చారు. నాగవేణి కళ్ళు తుడుచుకుని అదే విధంగా చేసింది. ఈసారి కడ్డీ పడగానే కారు బుద్ధిగా, ఆవుదూడలా మెల్లగా కదిలింది. మూడోసారీ అంతే.

మునివెంకటమ్మ ముఖం మళ్ళీ ముడుచుకుంది. కోడలి కాళ్ళ వైపు, కడ్డీ వైపు, ఆమె చేతుల వైపు మార్చి మార్చి చూసింది. మొదటిసారి చేత్తో ఏమైనా చేసిందా? తాను చూడని చోట ఏదైనా నొక్కిందా? అడగలేదు. కానీ ఆ చూపు చాలింది. నాగవేణి తాళం తీసి ఆమె ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు చౌడప్పను ఆసుపత్రికి తీసుకెళ్ళింది పాలవ్యాను.

* * *

సాయంత్రం ఇంటికొచ్చిన కొడుకుతో మునివెంకటమ్మ జరిగినదంతా చెప్పింది. నంజుండప్ప నమ్మలేదు. "బండి చెడిపోయిండాదంటే ఎప్పుడైనా చెడిపోయే ఉండాలమ్మా. ఒక తూరి ఎగిరి, మల్ల రెండు తూర్లు ఎగరకుండా ఉంటాదా?"

"నా కండ్లు అబద్ధమా రా?"

"నేనట్ల అనలేదే."

"అన్నట్టే ఉండాది."

ఆమెకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ కోడలిని అనుమానించినదానికి ఇప్పుడు తన కళ్ళనే తాను అనుమానించుకోవాల్సి వచ్చింది. తెల్లారగట్ల మంచం దిగబోతే మోకాళ్ళు పట్టేశాయి. రోజూ అంతే. లేవగానే కాళ్ళు కదలవు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక పెళుక్కుమని ఒక కీలు విడుతుంది. ఆ తరువాత పొద్దుగూకేదాకా తోటంతా తిరిగినా నొప్పి ఉండదు. మునివెంకటమ్మ గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తరువాత నేరుగా వెళ్ళి కోడలి గది తలుపు తట్టింది. "నాగవేణీ, లేయమ్మా. బండి తీద్దాం."

ఆ పొద్దు కూడా కారు ఎగిరింది. ఈసారి మునివెంకటమ్మ కాళ్ళనూ చూసింది, చేతులనూ చూసింది. మధ్యాహ్నం మళ్ళీ తీయించింది. ఎగరలేదు. మరునాటి పొద్దున ఎగిరింది.

"ఇది నా మోకాళ్ళ మాదిరిది" అంది కొడుకుతో. "రాత్రంతా పండుకొని లేస్తేనే దీనికి తిక్క. ఆ కదిరప్ప చూసింది మధ్యాన్నం. నువ్వు తోలేది మధ్యాన్నం. పొద్దున్న తోలేది ఒక్క నా కోడలే. రేపు లీవు పెట్టు. ఈ సాయంత్రమే బండిని షెడ్డులో వదిలేసి వద్దాం."

తల్లి 'నా కోడలు' అనడం నంజుండప్ప చాలా రోజుల తరువాత విన్నాడు.

మరునాడు పొద్దున్నే ముగ్గురూ కోరమండల్‌కు చేరారు. గనులు మూతపడ్డాక మిగిలిన తెల్లటి ఇసుక దిబ్బల మీద ఎండ ఇంకా పడలేదు. మునివెంకటమ్మ కదిరప్ప షెడ్డు ముందు నిలబడి, దారిలో ఎవరూ లేకుండా అందరినీ పక్కకు తోలింది. "ఇప్పుడు తోలప్పా. ఎక్సలేటరు ముట్టొద్దు."

కదిరప్ప నవ్వుతూ ఎక్కాడు. కాసేపట్లో ఆ నవ్వు పోయింది. కారు దూకి, షెడ్డు బయట పేర్చిన పాత టైర్లను గుద్ది నిలిచింది.

అతను దిగి బానెట్ ఎత్తి, గేరు ఆయిల్ కొలిచే కమ్మీ లాగి గుడ్డ మీద తుడిచాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ మాడిన కషాయంలా ఉంది. ముక్కుకు పెట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు.

"మామూలు బండిలో గేరు పట్టించేది మన కాలు కిందుండే క్లచ్చమ్మా" అన్నాడు మునివెంకటమ్మతో. "ఇందులో ఆ పని ఆయిల్ చేస్తాది. ఆయిల్ జోరుగా తోస్తేనే గేరు పట్టుకుంటాది. లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడిపోయినట్లుండాది. రాత్రంతా నిలబడితే ఆయిలంతా కిందికి దిగిపోతాది. పొద్దున డిలో వేస్తే, అది మల్ల ఎక్కేదాకా బండి పోదు. చల్లటి ఇంజన్ అప్పుడు మామూలు కంటే జోరుగా తిరుగుతా ఉంటాది. ఆ జోరులో ఒక్కసారిగా పట్టుకుంటే ఇట్ల ఎగరక ఏం చేస్తాది? ఒక తూరి వేడెక్కినాక ఏమీ తెలీదు."

నంజుండప్ప ఒకడుగు ముందుకు వేశాడు. "అంటే... తోలేవాళ్ళ తప్పు..."

"ఏమీ లేదప్పా. ఎవరు తోలినా ఇంతే. నేను తోలినా ఎగిరె కదా. పొద్దున్న ఎట్లుంటాదని ఆ పొద్దు నేను అడగలేదు. అడిగిండాల్సింది." కదిరప్ప నాగవేణి వైపు తిరిగాడు. "తప్పుగా చెప్పేస్తిని తల్లీ."

నాగవేణి తల ఊపింది. ఆమె నంజుండప్ప వైపు చూడలేదు.

* * *

ఇంటికి రాగానే మునివెంకటమ్మ వసారాలో ఉన్న మొగుడితో అంతా చెప్పింది. చౌడప్ప వింటూ వింటూ తల దించుకున్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"బండి నా మీదికి వస్తా ఉండేటప్పుడు ముందద్దంలోనుంచి ఈ బిడ్డ మొగం చూసినా. నాకంటే ఎక్కువ భయపడిపోయుండె. నన్ను కొట్టల్లనుకునేవాళ్ళ మొగం కాదది." ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఏమేమో అనుకుంటా ఉండావని తెలుసు. నేను నోరు తెరిస్తే గొడవ పెద్దదయితాదని గమ్మునుండిపోతిని. గమ్మునుంటే అదే అణిగిపోతాదనుకుంటిని."

నాగవేణి ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయింది. "మీరు మొగం చూడకుండా తిప్పుకుంటా ఉంటే, మీరూ అదే అనుకుంటా ఉండారనుకున్నా మామా. ఒక్క మాట అనిండరాదా?"

"అనిండాల్సింది తల్లీ." బాగైన చేతిని ఆమె తల మీద పెట్టాడు. "నువ్వు తొందరలో ఒక మాట అన్నావు. నేను అవసరానికి ఒక మాట అనలేదు. నాదే పెద్ద తప్పు."

మునివెంకటమ్మ లోపలికి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగి వచ్చింది. కోడలి ముందు నిలబడింది. మరుక్షణమే పాలక్యాను చేత్తో పట్టుకుంది.

"యాడికత్తా?"

"డైరీకి. ఈ నోటితోనే వరసలో నిలబడి చెప్పినా. ఈ నోటితోనే మల్ల చెప్పొస్తాను. చిక్కమ్మకు ముందుగా, గట్టిగా, అందరూ వినేమాదిరి." ఆమె కళ్ళు నిండాయి. "నిన్ను క్షమించమని అడిగేదానికి నాకు మొగం లేదు. ముందు ఆ పని చేసి వస్తాను. మల్ల నీ ఇష్టం."

"ఇంకా పాలు పిండలేదత్తా, క్యాను ఖాళీగా ఉండాది."

"ఉండనీ" అంటూనే ఆమె వీధిలోకి నడిచింది.

నాగవేణి ఏడుస్తూనే నవ్వింది. చౌడప్ప కూడా నవ్వబోయి, ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

నంజుండప్ప మాత్రం పెరట్లో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. కాసేపటికి నాగవేణి అతని దగ్గరికి వెళ్ళింది. ఒరుగుతూ వస్తున్న ఆ అడుగుల చప్పుడు విని అతను వెనక్కి తిరిగాడు.

"నాగూ, నేను..."

"అత్త నన్ను ఎంత మాట అనిందో మీకు తెలుసు. అయినా ఆమె మీద నాకంత కోపం లేదు" అంది నాగవేణి. "ఆమె ఎదురుగా నిలబడి అడిగింది. నా పక్కన కూసోని చూసింది. తప్పని తెలిసినాక ఊరి ముందర చెప్పేదానికి పోతా ఉండాది. మీరు ఏమీ అడగలేదు. కదిరప్ప ఒక మాట అంటానే నా కాలి వైపు చూసినారు. అంతే. పెండ్లిచూపుల్లో వచ్చినవాళ్ళంతా ఈ కాలిని చూసినారు, మీరొక్కరే నా మొగం చూసినారు. అందుకే ఒప్పుకున్నాను నేను. ఆ దినం మీరు కూడా కాలినే చూసినారు."

నంజుండప్ప గోడకు జారబడి అలాగే కింద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "భయమేసింది నాగూ. ఆ బండి తెచ్చింది నేను. దాంట్లో తప్పుంటే, నాయన చెయ్యి విరిగింది నా వల్లనే అవుతాది. ఆ మాట మోయలేక, కాలి మీదికి తోసేసినా. నువ్వు బస్సులో నిలబడి పోయేది తెలిసి కూడా..."

అతని భుజాలు కదులుతున్నాయి. పెళ్ళయినప్పటినుంచి అతను ఏడవడం నాగవేణి చూడలేదు. ఆమె మెల్లగా, గోడ పట్టుకుని, అతని పక్కన నేల మీద కూర్చుంది. కోపం ఒక్కసారిగా పోలేదు. కానీ లేచి వెళ్ళిపోవాలని కూడా అనిపించలేదు.

చాలాసేపటికి నంజుండప్ప ముఖం తుడుచుకున్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆ పొద్దు ఏం జరిగింది నాగూ?" అన్నాడు. "మొదట్నుంచి నువ్వు చెప్పు. నేను వింటాను."

ఇంత కాలంలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. నాగవేణి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఊపిరి తీసుకుని, చెప్పడం మొదలుపెట్టింది.